ముక్కు బరువైన బండి

మా బొంగరానికి,

నాన్న నీ తల మీద చెయ్యి ఉంచినట్టుగా భావించి దీవించి రాస్తున్నది. ఇక్కడ అమ్మా, నేనూ దేవుని దయవల్ల తిని తిరుగుతున్నాం. అమ్మ మోకాలు మాత్రం మెట్లతో పోట్లాట మానలేదు. అక్కడ నువ్వూ, నీ నాలుగు చక్రాలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. "ఫోన్ చేస్తే ప్రసంగం మొదలెడతావు నాన్నా, కాగితం మీదైతే నీకు చోటు తక్కువ" అని మళ్ళీ వేళాకోళం చేశావు. అమ్మ ఆ ముక్క రెండుసార్లు చదివించుకుని నవ్వింది. నవ్వనీ. ఈసారి నోటితో చెప్పలేనిది ఒకటుంది గనక నాకూ కాగితమే మేలు. ముందు నువ్వడిగినవాటికి జవాబులు.

ముందు చక్రాలతో నడిచే బండినైనా మలుపులో పక్కకి జార్చి డ్రిఫ్ట్ చేసి చూపిస్తానని మీ వర్క్‌షాప్ పెయింటరు పందెం కాశాడన్నావు. జారుస్తాడు, కాదనను. హ్యాండ్‌బ్రేక్ లాగితే వెనక చక్రాలు బిగుసుకుని తోక పక్కకి ఊగుతుంది. కానీ ఆ జారుడు నిలబెట్టలేడు. ఆ బండిలో లాగేవీ ముందు చక్రాలే, తిరిగేవీ ముందు చక్రాలే. ఒక్క దాసుడు ఇద్దరు యజమానులకి కొలువు చేయలేడని బైబిల్ వాక్యం ఊరికే అనలేదు. యాక్సిలరేటర్ తొక్కాడో లేదో, ముక్కు బండిని తిన్నగా లాక్కుపోతుంది, తోక బుద్ధిగా దాని వెనకే వచ్చేస్తుంది. నీ బండిలో పని పంచి ఉంది. ముందువి దారి చూపిస్తాయి, వెనకవి తోస్తాయి. అందుకే తోసేవాటిని జారనిచ్చి, దారి చూపేవాటితో పట్టుకోగలుగుతున్నావు. నాలుగు చక్రాలూ లాగే బండి బలమైనదే గాని, దానికి పక్కకి జారడం కన్నా ముందుకు పోవడమే ఇష్టం.

నీ బండి ఇచ్చేసి, సీటు వెనక ఇంజిన్ ఉన్న ఆ ఎర్ర బండికి మార్చుకోనా అన్నావు. తొందరపడకు తల్లీ. బరువంతా నడుముకి దగ్గరగా ఉన్న బండి చిటికెలో తిరుగుతుంది. తిరగడం మొదలెట్టాక, నువ్వు స్టీరింగ్ ఎదురు తిప్పేలోపే దాని మొహం వచ్చిన దారి వైపుంటుంది. ఇంజిన్ ముందున్న బండి చెప్పి జారుతుంది, అది చెప్పకుండా జారుతుంది. ఏ బండైనా బరువు ఒకచోట కూర్చోదని నీకు నేర్పాను కదా. కాలు తీస్తే ముందుకొస్తుంది, తొక్కితే వెనక్కి పోతుంది. మలుపులో కాలు తీసిన ఆ ఒక్క క్షణం వెనక భాగం తేలికవుతుంది. తోక బయటికొచ్చేది అప్పుడే. అంతకన్నా రహస్యం లేదు.

మూడో విషయం దగ్గర నా కలం ఆగింది. నీ మాటలే మళ్ళీ రాస్తున్నాను: "మలుపులోకి తిప్పితే ముక్కు మాట వినట్లేదు నాన్నా, గోడ వైపు తిన్నగా పోతోంది. వేగం పెంచి హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగితే ఒక్కసారిగా తోక విసిరేస్తోంది. తూకం సరిగ్గానే ఉంది, నువ్వు రాసిచ్చిన చీటీ నా దగ్గరుందిగా, నూటికి ముందు యాభై మూడు, వెనక నలభై ఏడు. కాబట్టి లోపం నా చేతుల్లోనే. ఎంపిక పోటీలో ఇంకా వేగంగా దిగి చూస్తా. అప్పటికీ రాకపోతే ఈ ఆటకో దండం."

నిన్న ఆదివారం మన మెకానిక్ షెడ్డులో ప్రార్థన కూటం. టైర్లు పక్కకి జరిపి బల్లలు వేశాం, ముప్ఫై మంది దాకా వచ్చారు. అంశం దొంగ తూనిక. దాని మీద నేనెలా మండిపడతానో నీకు తెలుసు. నోటు పుస్తకం అవసరం లేదు, నాలుక దానంతటదే పరిగెడుతుంది. "సంచిలో రెండు రకాల తూకపు రాళ్ళు పెట్టుకుని తిరిగేవాడా!" అని వేలు చాపాను. వేలు గాలిలోనే ఉండిపోయింది. ఎదురుగా గోడకి ఆనించి మన తూకం పలకలు నాలుగూ ఉన్నాయి, బండి చక్రాల కింద పెట్టేవి. గొంతు పట్టేసిందని చెప్పి ప్రార్థనతో ముగించేశాను.

అందరూ వెళ్ళాక అమ్మ బల్లలెత్తుతూ అడిగింది.

"గొంతుకేమైంది? మైకు లేకుండానే వీధి చివరికి వినబడే మనిషివి!"

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఆ చెమటేంటి?"

చెప్పేశాను. ఎత్తిన బల్ల కింద పెట్టి దాని మీదే కూలబడింది.

"ఇది ఇంకెవరికి చెప్పావు?"

"దేవుడి దగ్గర ఒప్పుకున్నాను."

"ఆయనకి ముందే తెలుసు. తెలియనిది పిల్లకి."

అందుకే రాస్తున్నాను. కొన్ని నెలల కిందట నువ్వు ఆ ఊరు వెళ్ళే ముందు బండిని మూడు రోజులు నా దగ్గర వదిలావు. దానికి ముందురోజు నీ సాధన కంచె అవతల నుంచి చూశాను. గోడకి జానెడు దూరంలో తోక తిప్పుకుంటూ పోయావు. అందరూ ఈలలేశారు. నా కళ్ళకి గోడ తప్ప ఏమీ కనబడలేదు. ఇంటికొచ్చి నువ్వు ఓడిపోవాలని మోకాళ్ళ మీద ప్రార్థన చేశాను. ప్రార్థన చాలదేమోనని బోల్టులు విప్పే పానా పట్టుకున్నాను.

ముందు బంపర్ విప్పి, దాని వెనకున్న ఇనుప దూలంలో నలభై కిలోల సీసం, రెండు పలకలుగా, చప్పుడు రాకుండా గుడ్డ చుట్టి బిగించాను. ముక్కు బరువెక్కితే బండి జారనని మొండికేస్తుంది, నువ్వు విసుగెత్తి మానేస్తావు, ఇదీ నా ఆలోచన. తర్వాత తూచాను. ముందు యాభై ఆరు, వెనక నలభై నాలుగు. చీటీ మీద మాత్రం యాభై మూడు, నలభై ఏడు అని రాశాను, ఈ చేత్తోనే.

నలభై ఏళ్ళు బండ్ల కింద వెల్లకిలా పడుకున్నవాణ్ణి. బండి ఏం చేస్తుందో ఆలోచించాను గాని, నడిపే పిల్ల ఏం చేస్తుందో ఆలోచించలేదు. నువ్వు మానేసే రకమా? బండి మొండికేస్తే ఇంకా వేగంగా దిగే రకం. ముక్కు బరువైన బండి మలుపు తిరగక తిన్నగా పోయేది ఎక్కడికి? గోడకే. నిన్ను దేని నుంచి దూరం చేద్దామనుకున్నానో, సీసం కట్టి మరీ దాని మీదకే తోశాను.

పోటీకి ఇరవై రోజులుందనీ, గేర్‌బాక్సు విప్పి బండిని స్టాండ్ల మీద ఎక్కించావనీ రాశావు కాబట్టి ఉత్తరానికి వ్యవధి దొరికింది. గేర్‌బాక్సు ఎక్కించకముందే ఆ సీసం పలకలు తీసెయ్. తీశాక ముక్కు చప్పున తిరుగుతుంది. నీ చేతులు బరువుకి అలవాటుపడ్డాయి కనక మొదట్లో స్టీరింగ్ ఎక్కువ తిప్పేస్తావు. రెండు రోజులు గోడల్లేని మైదానంలో సగం వేగంతో చెయ్యి, హ్యాండ్‌బ్రేక్ వేలితో లాగినట్టు లాగు. తూకానికి నా మాట నమ్మకు. వేరే చోట తూయించుకో.

క్షమాపణ గురించిన వాక్యాలు నా దగ్గర కోకొల్లలు. ఒక్కటీ రాయను. వాటిని నీ ముందు పెడితే క్షమించక తప్పని ఇరకాటంలో పెట్టినట్టే. నీకు ఎప్పుడు మనసైతే అప్పుడు, కాకపోతే లేదు. వచ్చే ఆదివారం ఆ ప్రసంగం పూర్తి చేస్తాను, వేలు నా వైపు తిప్పుకుని.

నీ ఆట మీద నా భయం పోలేదు, పోయిందని చెబితే ఇంకో అబద్ధం. కానీ ఒకటి విను. ముక్కున నలభై కిలోలు మోస్తూ కూడా ఆ బండిని ఇన్ని నెలలు జార్చావు, జార్చిన ప్రతిసారీ తిరిగి పట్టుకున్నావు. నా వృత్తిలో అలాంటి చేతుల్ని నేను చూడలేదు. ఈ మాట ఆ రోజు కంచె దగ్గరే చెప్పాల్సింది తల్లీ. చెప్పి ఉంటే పానా పట్టుకునేవాణ్ణి కాదు.

ఇట్లు,
నీ నాన్న