ఎనిమిదో సీసా

అక్కా,

ఇక నా తరఫున మీ ఆయన్ని బతిమాలకు. బ్యాండులో నా చోటు నాకే ఉంది. నిన్న కంటినిండా నిద్రపోయాను.

బావ అందరి ముందూ ఏమన్నాడో నీకు తెలుసు. "నువ్వు మూడు మీటలు నొక్కి కూర్చుంటావు మరదలా, స్వరాలు ఒక్కొక్కటిగా పలికే ఆ ఆర్పెజియో అంతా సింథ్ పెట్టే వాయించుకుంటుంది. మెట్లెక్కి దిగినట్టు ఒకటే వరస. నువ్వెందుకిక?" ఒళ్లు మండిపోయింది. ఆ మాట నిజం కావడంతో ఇంకా మండింది. ఆదివారందాకా గడువు ఇప్పించింది నువ్వే.

మా ఫ్యాక్టరీలో సీసాలకు మూతలు బిగించే యంత్రానికి ఎనిమిది తలలు. ఒకటి పాడైంది. టక్ టక్ మంటూ ఏడు మూతలు, తర్వాత ఒక ఖాళీ. ఆ బోడి సీసాను పక్కకు తీయడమే నా పని. మూడు రోజులయ్యేసరికి నా చెవి ఆ ఖాళీ కోసమే కాచుకుని ఉంటోంది. ఇంటికొచ్చి సింథ్‌లో ఎనిమిది స్వరాల వరస పెట్టి, ఒకదాన్ని మూగ చేశాను. వరసకు ప్రాణం వచ్చింది. తర్వాత ప్రతి చుట్టుకీ ఆ ఖాళీని ఒక్కో చోటికి జరిపాను.

ఆదివారం బావ పాట మధ్యలో ఆపేశాడు. "ఈ సందులు ఎవరు పెట్టారు?"

"నేనే. కావాలంటే ఆ పెట్టెనే అడుగు."

డ్రమ్మరు పగలబడి నవ్వాడు. బావ కూడా నవ్వి, "సింథ్ ముందు స్టూలు దిగకు తల్లీ" అన్నాడు.

ఇవాళ మెకానిక్ ఆ తల బాగుచేశాడు. అన్ని సీసాలకూ మూతలున్నాయి. అయినా ఎనిమిదో సీసా రాగానే నా చెయ్యి లేస్తూనే ఉంది.

నీ చెల్లెలు