నాలుగేళ్లలో అరగని బటన్

ఎంపీ గారి ఆఫీసు చూసుకునే అక్కగారికి,
సభాభవనం మరమ్మతుల మేస్త్రి నమస్కరించి రాయునది.

అమ్మా, నేనెవరో మీకు తెలియదు. సభలో కుర్చీలు కిర్రుమన్నా, మైకులు గురక పెట్టినా, ఓటు బటన్లు పాడైనా బాగుచేసేవాణ్ణి. మెట్ల కింద ఒక గది, అందులో నేనూ, నాలుగు సొరుగుల నిండా మరలూ. ఇంతే నా సంసారం.

ప్రతి సభ్యుడి బల్లకీ రెండు బటన్లుంటాయి. ఎడమవైపు ‘అవును’, కుడివైపు ‘కాదు’. ఎంపీ అయిన మీ తమ్ముడిగారి పక్క సీటాయన మహా కోపిష్టి. ‘కాదు’ అనాల్సి వచ్చినప్పుడల్లా పిడికిలితో గుద్దుతాడు. గుద్దీ గుద్దీ ఆ బటన్ కాస్తా లోపలికి దిగిపోయింది. కొత్తది తెప్పించాలంటే ఏడు సంతకాలు కావాలి. పక్కకి తిరిగి చూస్తే మీ తమ్ముడిగారి బటన్ల మీద ఫ్యాక్టరీవాళ్లు అంటించిన ప్లాస్టిక్ కాగితం కూడా ఊడలేదు. నాలుగేళ్లయింది కదమ్మా, ఇకముందు మాత్రం ఏం అవసరం పడుతుందిలే అనిపించింది. మీరు సరేనంటే ఆ ‘కాదు’ బటన్ ఊడదీసి పక్కాయనకి బిగిస్తాను. మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

మరమ్మతుల మేస్త్రి

తా.క.: కుర్చీ కింద ధర చీటీ కూడా అలాగే ఉంది. దాన్ని నేను ముట్టుకోలేదు.

*

మేస్త్రిగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి నా కళ్లు చెమర్చాయండీ. మా తమ్ముడి గురించి నాలుగేళ్లలో ఒక మంచిమాట రాసినవాళ్లు మీరొక్కరే. వాడు చిన్నప్పటినుంచీ అంతే, వస్తువు చేతికిస్తే నలగనివ్వడు. వాడి బడి పుస్తకాలు ఏడాది చివర్లో కొత్తవాటి ధరకే అమ్మేవాళ్లం. ఒక్క పేజీ కూడా మడత పడేది కాదు.

ఇక్కడ నా బాధ మీకేం చెప్పను! జిరాక్సు షాపు మీద రెండు గదులు, ఒక రబ్బరు స్టాంపు, ఒక నేను. ఏటా ‘మీ ఎంపీ ఏం చేశారు’ అని ఒక కరపత్రం అచ్చువేసి ఓటర్లకి పంచాలి. పోయినవారం పత్రికవాళ్లు రాసిపారేశారు: హాజరు ఆరు రోజులు, వేసిన ఓట్లు సున్నా, అడిగిన ప్రశ్నలు సున్నా, ప్రయాణ ఖర్చులు మాత్రం నాలుగేళ్లవీ పూర్తిగా. ‘చేసిన పనులు’ అన్నచోట ఏం రాయాలో తెలియక పెన్ను నములుతూ కూర్చున్నాను. దేవుడిలా మీ ఉత్తరం వచ్చింది. ఇక చూడండి!

బటన్ నిక్షేపంగా తీసుకోండి. ఉంటాను,

ఎంపీ గారి అక్క

తా.క.: ‘అవును’ బటన్ కూడా కావాలంటే మొహమాటపడకండి.

*

అక్కగారికి,
కాళ్లూచేతులూ ఆడక రాస్తున్నాను.

తల్లీ, నేను మెచ్చుకుంటూ రాయలేదు! బటన్ అడిగానంతే. మీరేమో ‘నాలుగేళ్లలో ప్రజల సొత్తు ఒక్క బటన్ కూడా అరగదీయని నాయకుడు’ అని రంగుల్లో అచ్చువేసి ఊరంతా పంచారు. అందులో ఒకటి ఇక్కడికీ ఎగురుకుంటూ వచ్చింది. ఖర్చుల కమిటీ అధ్యక్షుడు నిలబడి పైకి చదివి, ‘పొదుపంటే ఇదీ’ అన్నారు. జనం కూడా ఆహా అన్నారట. అంతే, మర్నాటినుంచి నా గది ముందు సభ్యుల వరస. ‘మేస్త్రీ, నా బటన్లకి కూడా ఆ ప్లాస్టిక్ కాగితం అంటించవయ్యా’ అని. ఎనభైమూడు మందికి అంటించాను. ఇప్పుడు ఓటు వేయాల్సి వస్తే చేతిరుమాలు కప్పి, నిద్రపోయే పసిబిడ్డ బుగ్గ ముట్టుకున్నట్టు ముట్టుకుంటున్నారు. ఆ కోపిష్టాయన కూడా!

ఏదీ పాడవడం లేదు. ఏదీ పాడవనప్పుడు మరమ్మతుల విభాగం దేనికని కమిటీ అడిగింది. నిజమే కదా మరి. ఈ గురువారం విభాగం ఎత్తేసే బిల్లు పెడుతున్నారు. నా పెన్షన్‌కి ఇంకా పది నెలల సర్వీసు కావాలమ్మా. ఇప్పుడు ఎత్తేస్తే ముప్పైరెండేళ్ల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే. కొరివితో తల గోక్కున్నట్టయింది నా బతుకు. మీ తమ్ముడిగారిని ఒక్కసారి పంపండి. ఒక్క ‘కాదు’ నొక్కి వెళ్లిపోతే చాలు. మీ మీదే భారం వేసిన,

మేస్త్రి

తా.క.: సీటు ఎక్కడుందో ఆయనకి తెలియకపోతే గుమ్మం దగ్గర నేను నిలబడి ఉంటాను.

*

మేస్త్రిగారూ,

నా వల్ల మీ నోటికాడి ముద్ద పోతుందంటే రాత్రంతా కంటిమీద కునుకు లేదు. తమ్ముణ్ణి పంపుతున్నాను.

వాడు ఎందుకు రావడంలేదో ఇన్నాళ్లకి అడిగాను. వస్తూనే ఉన్నాడటండీ! క్యాంటీన్ దాకా. లోపల అందరూ ఒకేసారి అరుస్తుంటే గుండె దడదడలాడి వెనక్కి తిరుగుతాడట. ప్రయాణ ఖర్చులు అవే. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. యాభైయేళ్లవాడు, నా కొంగు పట్టుకున్నట్టే చెప్పాడు.

‘కుడివైపు బటన్‌రా. కళ్లు మూసుకుని గట్టిగా నొక్కు. మేస్త్రిగారు చెప్పేదాకా వేలు తీయకు’ అని మూడుసార్లు అప్పజెప్పించుకున్నాను. ఇక మీ అదృష్టం. ఇట్లు,

అక్క

తా.క.: అరుపులు వినపడకుండా చెవుల్లో దూది పెట్టి పంపుతున్నాను. ఏమన్నా చెప్పాలంటే సైగ చేయండి.

*

చెల్లెమ్మకి,
ఇక నిన్ను అలాగే పిలుస్తాను. నా కొలువు నిలబెట్టిన ఇంటి ఆడపడుచువి.

బిల్లు ఓడిపోయింది! ఒకే ఒక్క ఓటు తేడా! ఆ ఓటు మన తమ్ముడిదే!

అయితే చిన్న ఇబ్బంది జరిగింది. ఆయన ‘కాదు’ బటన్ ఊడదీసి పక్కాయనకి బిగించింది నేనే కదా, హడావిడిలో ఆ సంగతి మర్చిపోయాను. ఆయన వచ్చాడు, కళ్లు మూసుకున్నాడు, గట్టిగా నొక్కాడు. వేలు కన్నంలోకి పోయింది. లోపల రెండు తీగలు కలిసి, ‘కాదు’కి వెలిగే ఎర్రదీపం వెలిగింది. భయపడకు, ఆ కరెంటు చీమకి కూడా చాలదు. కాకపోతే వేలు బయటికి రావడంలేదు. సబ్బు రాశాను, నూనె పోశాను, ఐసు పెట్టాను.

ఆ దీపం అప్పటినుంచీ ఆరలేదు. అంచేత సభలో ఏది వచ్చినా ఆయన ఓటు ‘కాదు’. సొంత పార్టీ బిల్లులు మూడు పడిపోయాయి. సభ్యుల భత్యాలు పెంచే బిల్లుకి కూడా ‘కాదు’ అనేసరికి బయట జనం చప్పట్లు కొట్టారట. పోయిన సభ్యుడికి సంతాప తీర్మానం పెడితే అక్కడా ‘కాదు’. ఆయన చనిపోలేదని మన తమ్ముడి వాదన అని ఒక పత్రిక రాసింది.

దూది తీసేశాక ఆయన నోరు విప్పి మొదటిసారి మాట్లాడాడు. ‘ఈ ఫ్యాన్ ఎందుకు తిరగడం లేదు?’ అని. దాన్ని ప్రశ్నగా రాసుకున్నారు. విద్యుత్తు మంత్రి లేచి పదకొండు నిమిషాలు జవాబు చెప్పాడు. ఇట్లు నీ అన్నయ్య లాంటి,

మేస్త్రి

తా.క.: ఫ్యాన్ ఇంకా తిరగడం లేదు. అది నా పనే. చూస్తాను.

*

అన్నయ్యగారూ,

వాడి వేలు కన్నంలో ఉంటే మీకు ఫ్యాన్ సంగతేమిటండీ! పదిరోజులైంది. ఏం తింటున్నాడు, ఎక్కడ పడుకుంటున్నాడు? ఫోన్ చేస్తే ‘బాగున్నానక్కా’ అని పెట్టేస్తున్నాడు. మాకు తెలిసిన వడ్రంగి ఒకాయన ఉన్నాడు, రంపం పట్టుకుని సోమవారం బండిలో బయల్దేరుతున్నాడు. బల్ల కోసేయమన్నాను. పోయిన బల్ల ఖరీదు నేను కట్టుకుంటాను.

అక్క

తా.క.: కోసేది బల్లని. వడ్రంగికి రెండుసార్లు చెప్పాను. మీరూ పక్కనే ఉండండి.

*

చెల్లెమ్మకి,

వడ్రంగిని పంపొద్దు. నా మాట విను. ఆ బల్ల ఇప్పటిది కాదు, కోస్తే కేసు పెడతారు. ఇలాంటివి తొందరపడితే మొదటికే మోసం. వాపు నిదానంగా దిగాలి. వేలి కొలతా, కన్నం కొలతా తీసుకుని కాగితం మీద లెక్క వేశాను. అన్నీ సవ్యంగా జరిగితే సరిగ్గా పది నెలల్లో వచ్చేస్తుంది.

తిండికీ నిద్రకీ ఏ లోటూ లేదు. ఎలా అని మాత్రం అడగకు.

మేస్త్రి

తా.క.: మా విభాగం ఎత్తేసే బిల్లు ప్రతినెలా మళ్లీ పెడతామంటున్నారు. ఇది ఊరికే చెప్పాను, లెక్కకీ దీనికీ సంబంధం లేదు.

*

పూజ్యులైన అన్నయ్యగారికి చెల్లెలు నమస్కరించి రాయునది.

వడ్రంగిని ఆపేశాను. ఎందుకో చెబుతాను, ఉలిక్కిపడకండి.

నిన్న మధ్యాహ్నం టీవీలో సభ చూపించారు. కింద జిరాక్సు షాపాయన కూడా పైకొచ్చి చూశాడు. అవతలివాళ్లు మన తమ్ముడి మీదికి వేళ్లు చూపిస్తూ గొంతులు చించుకుంటున్నారు. వీడి చెవుల్లో దూది లేదు. వాళ్లకేసి అలా చూస్తూ చూస్తూ, ముక్కు దురద పెట్టిందేమో, గోక్కున్నాడు. ఏ వేలితో అనుకున్నారు? ఆ వేలితోనే! తర్వాత అటూఇటూ చూసి, ఏమీ ఎరగనట్టు మళ్లీ కన్నంలో పెట్టుకున్నాడు.

ముందు ఒళ్లు మండిపోయింది. ఇద్దరూ కలిసి నా చెవిలో పువ్వు పెట్టారు కదా! టీవీ కట్టేయబోయాను. చేయి రాలేదు. అన్నయ్యగారూ, వాణ్ణి బడికి నేను ఈడ్చుకెళ్లాను. ఎన్నికలకి నేను ఈడ్చుకెళ్లాను. నామినేషన్ కాగితం మీద సంతకం కూడా పక్కన కూర్చుని పెట్టించాను. వేలు ఇరుక్కుని కూర్చున్నాడనుకుంటే జాలి పడ్డాను. ఇరుక్కోలేదు! తలుపు తెరిచే ఉంది, క్యాంటీన్ అక్కడే ఉంది, అంతమంది అరుస్తున్నారు. వాడంతట వాడు కూర్చున్నాడు. మీ కోసం కూర్చున్నాడు. అక్కడే గచ్చుమీద కూలబడి ఏడ్చేశాను. షాపాయన మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

చెప్పొద్దని వాడే మీ దగ్గర మాట తీసుకుని ఉంటాడు. నాకు తెలిసిందని మీరూ చెప్పకండి. తెలిస్తే సిగ్గుపడి లేచొచ్చేస్తాడు. కరపత్రం మళ్లీ అచ్చుకిచ్చాను: హాజరు నూటికి నూరు, ఓట్లు అన్నీ, ప్రశ్నలు ఒకటి, ప్రయాణ ఖర్చులు సున్నా. ఈసారి ఒక్క అక్షరం అబద్ధం లేదు.

మీ లెక్క ప్రకారమే కానివ్వండి. పది నెలలూ వాపు దిగకుండా చూసుకోండి. మీ చెల్లెలు,

ఎంపీ గారి అక్క

తా.క.: కెమెరా కుడివైపునుంచి చూపిస్తోంది. దురద పెడితే ఎడమ చేయి వాడమనండి.