ఎడమవైపు బోల్టు

ఆగస్టు 19, మంగళవారం
మన షెడ్డు నుంచి

చిరంజీవి బుడ్డోడికి,

అక్క దీవెనలు. ఇక్కడ అందరం క్షేమమని రాయాలి కాబట్టి రాస్తున్నాను. అత్తయ్యకు మోకాళ్ళ నొప్పులు, నాకు అత్తయ్య, ఆమెకు నేను. అవి తప్ప క్షేమమే. నువ్వు ఫోను ఎత్తవు. ఎత్తనివాడికి చేసి చేసి వేలు అరిగింది, అందుకే కాగితం పట్టాను. ఉత్తరాన్ని కట్ చేయడం కుదరదు. చించేసినా ముందు ఒక్కసారి చూస్తావు, నీ సంగతి నాకు తెలియదా.

రంగులేసే మావయ్య పని మీద అటువైపు వచ్చి నిన్ను ఐసు ఫ్యాక్టరీ దగ్గర చూశాడట. మనిషివి సగమయ్యావనీ, వాళ్ళు వ్యాను తాళాలు ఇస్తే చేతులు వెనక్కి పెట్టుకున్నావనీ, ఐసు దిమ్మలు తోపుడుబండి మీద వేసుకుని తోస్తున్నావనీ చెప్పాడు. నడక సరిగా రాకముందే స్టీరింగు కోసం ఏడ్చినవాడివి. ఆ మాట విన్న రోజు నాకు అన్నం సహించలేదు.

అసలు విషయానికొస్తాను. బండి పని మొదలుపెట్టాను. అవును, అదే బండి.

ఇక్కడ కాగితం మడిచేయాలనిపిస్తుంది నీకు. మడవకు, చదువు. మీ బావ పోయాక దాన్ని షెడ్డు మూలకు నెట్టి టార్పాలిను కప్పేశాం, అత్తయ్య దాని మీద ఎవరినీ చేయి వేయనిచ్చేది కాదు. ఈ వానలకు కొండదారి బురదైపోయింది. కూరుకుపోయిన లారీలను లాగడానికి రమ్మని రోజూ ఎవరో ఒకరు గుమ్మంలోనే. నాలుగు చక్రాలూ లాగే బండిని ఇంట్లో పెట్టుకుని లేదని ఎన్నాళ్ళు చెప్పను? చివరికి అత్తయ్య ఒక్క షరతు మీద ఒప్పుకుంది. బండి బాగుపడినా సరే, నీ చేయి మాత్రం దాని స్టీరింగు మీద పడకూడదంది. సరేనన్నాను. ముందు బాగుపడనీ, తర్వాత సంగతి తర్వాత అనుకున్నాను.

నీకు తెలియని సంగతి ఇంకొకటి ఉంది. నువ్వు వెళ్ళిపోయాక ఆ బండి చప్పుడు చేయడం మొదలుపెట్టింది. నవ్వకు. మధ్యాహ్నం భోజనాలయ్యి షెడ్డు ఖాళీగా ఉన్నప్పుడు టార్పాలిను కింద నుంచి టక్, టక్ అని, ఎవరో వేలి కణుపులతో తలుపు కొట్టినట్టు. రోజూ కాదు. కొన్నాళ్ళు ఉండదు, ఇక పోయిందిలే అనుకునేసరికి మళ్ళీ వస్తుంది. ఎలుక అనుకుని బోను పెట్టాను, ఏమీ పడలేదు. టార్పాలిను ఎత్తి చూస్తే చల్లటి ఇనుము తప్ప ఏమీ ఉండేది కాదు. అత్తయ్య ముందు గదిలో మిషను మీద సీటు కవర్లు కుడుతూ, ఆ చప్పుడు రాగానే చక్రం చేత్తో ఆపి, వాడే అనేది. ఇంకేమీ అనేది కాదు. గుర్తుందా, మీ బావ షెడ్డులోంచి ఇంట్లోకి వచ్చేటప్పుడు చేతులకు గ్రీజు ఉంటుందని కణుపులతోనే తలుపు కొట్టేవాడు. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. లేదంటూనే, ఆ మూలకు వీపు పెట్టి పని చేయలేకపోయాను.

పోయిన వారం టార్పాలిను తీసి బండి కిందకు దూరాను. ఇంజను అడుగున చెక్క పెట్టి జాకీతో కొంచెం ఎత్తానో లేదో, ఎడమవైపంతా లేచి వచ్చింది. ఇంజనును చాసీ చట్రానికి పట్టి ఉంచే మౌంటింగు ఉందే, దాని బోల్టులు రెండూ పట్టులో లేవు. జాకీ దించితే మళ్ళీ తన చోట్లో బుద్ధిమంతుడిలా కూర్చుంది. పై నుంచి చూసినవాళ్ళకు ఏం తెలుస్తుంది? మీ బావ పోయిన రోజు వచ్చిన ఇన్‌స్పెక్టరు కూడా బ్రేకులు చూసి, బాగానే ఉన్నాయని చెప్పి వెళ్ళిపోయాడు.

నేనింకా కిందే పడుకుని ఉండగా వీధిలో కంకర లారీ వెళ్ళింది. ఆ లారీల రొద మనకు అలవాటైపోయి వినపడటం ఎప్పుడో మానేసింది కదా. నేల అదిరింది. నా ముఖానికి జానెడు పైన, మౌంటింగు ఇనుము చాసీ మీద టక్, టక్ మంది.

దయ్యం దొరికిందని సంతోషించాలో, మీ బావ ఇక తలుపు కొట్టడని ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాను.

బోల్టుల్లో ఒకటి ఇంజను లోపలే విరిగి ఉంది. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు, విరిగిన బోల్టు ఆ మొండివాడికి తాత. నూనె పోసి నానబెట్టాను. ముక్క మీద నట్టు పెట్టి వెల్డింగు చేసి తిప్పితే నట్టు ఊడి చేతికొచ్చింది. మళ్ళీ అతికించాను. వేడి తగ్గుతుండగా మైనం తాకిస్తే కరిగి సందుల్లోకి పాకింది. అప్పుడు చంటిపిల్లను బుజ్జగించినట్టు కొంచెం ముందుకు, కొంచెం వెనక్కు. బలవంతం చేస్తే తెగుతుంది, ఊరుకుంటే రాదు. చివరికి కీచుమని కదిలింది.

దాని రెండో సగం, తల ఉన్న ముక్క, మౌంటింగులోనే చిక్కుకుని ఉంది. విరిగిన చోట తుడిచి చూశాను. సగానికి పైగా పాత నలుపు, నూనె మరక లోపలిదాకా దిగి ఉంది. ఒక్క అంచు మాత్రమే గరుకుగా వేరే రంగులో ఉంది. అంటే మీరు కొండ ఎక్కక ముందే అది చాలావరకు చీలి ఉంది. మిగిలిన కాస్తా ఆ రోజు తెగింది.

ఇక్కడి నుంచి నెమ్మదిగా చదువు. మొదటి గేరులో రాళ్ళు ఎక్కేటప్పుడు ఇంజను తన బలానికి తానే ఎడమవైపు పైకి లేవాలని చూస్తుంది. పట్టి ఉంచే బోల్టు లేకపోతే లేస్తుంది. లేస్తే యాక్సిలరేటరు కడ్డీని లాగుతుంది. కాలు తీసినా రేజ్ అవుతుంది, రేజ్ అయ్యేకొద్దీ ఇంకా లేస్తుంది. ఊహించి రాయడం లేదు. కొత్త బోల్టులు బిగించక ముందు మళ్ళీ జాకీతో ఎడమవైపు ఎత్తి చూశాను. పెడలు మీద ఎవరి కాలూ లేదు. ఇంజనుకు పెట్రోలు వదిలే కార్బురేటరు మీట దానంతట అదే పూర్తిగా తెరుచుకుంది.

ఆ రోజు మీ బావ బండి ముందు నిలబడి దారి చూపిస్తున్నాడు. నువ్వు కాలు తీశానన్నావు. బండి దానంతట అదే దూకిందన్నావు. వాకిట్లో అంతమంది ముందు ఆ ఒక్క మాటే అన్నావు. నా కొడుకును తొక్కించి కథలు చెబుతున్నాడని అత్తయ్య అరిచింది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. నువ్వు చెప్పులైనా వేసుకోకుండా వెళ్ళిపోయావు. బుడ్డోడా, నువ్వు కాలు తీశావు. నువ్వు చెప్పింది నిజం.

రెండో బోల్టు గురించి రాయడానికే చేయి రావడం లేదు. అది విరగలేదు, వేళ్ళతో తిప్పితేనే వచ్చేసింది. రంధ్రంలో మరలు అరిగిపోయాయి. బోల్టుకు దారం చుట్టి, మైనం రాసి బిగించారు. అలా చేస్తే ఆ పూటకు బిగిసినట్టే ఉంటుంది. నీళ్ళ కుళాయికైతే సరే, ఇంజనుకు ఏం ఆగుతుంది? ఇది ఎన్నాళ్ళుగా వదులో, బరువంతా మొదటి బోల్టు మీద పడి అది చీలుతూ వచ్చింది. దారం ఎవరు చుట్టారో నేను చెప్పాలా? తల దగ్గర మొదలుపెట్టి కిందిదాకా చుట్టి, కొసను మళ్ళీ పైకి మడిచేది మీ బావ ఒక్కడే. చొక్కా గుండీ కుట్టుకున్నా అంతే. దారం అత్తయ్య సీటు కవర్లు కుట్టే గోధుమరంగు దారం. ఆమె పెట్టెలోంచి అడగకుండా తీయడం ఆయనకు అలవాటేగా.

ఎంత కోపం వచ్చిందో. పోయిన మనిషి మీద కోపం వస్తే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలి? చేతిలో పానా నేలకేసి కొట్టాను. నాకు చెప్పి ఉంటే బండిని గేటు దాటనిచ్చేదాన్ని కాదు. అందుకే చెప్పి ఉండడు.

అరిగిన రంధ్రాన్ని పెద్దది చేసి, కొత్త మర కోసి, లోపల ఉక్కు తీగచుట్ట దింపాను. కొత్త బోల్టులు బిగింపు కొలిచే పానాతోనే బిగించాను. నిన్న స్టార్ట్ చేసి బానెట్టు మీద నీళ్ళ గ్లాసు పెడితే చుక్క తొణకలేదు. లారీలు వెళ్ళాయి. టక్కుమన్నది లేదు. ఇంత నిశ్శబ్దం ఈ ఇంట్లో ఉంటుందని నాకు గుర్తే లేదు. అత్తయ్య మిషను ముందు కూర్చుని కుట్టకుండా అలాగే చూస్తోంది.

ఆమెకు ఇవేవీ చెప్పలేదు. ఆమెకు మిగిలింది కొడుకు మంచి పేరు ఒక్కటే. దారం చూపిస్తే అదీ లాక్కున్నట్టే. చూపించకపోతే నువ్వు ఈ గుమ్మం తొక్కవు. ముందు నుయ్యి వెనక గొయ్యి అయ్యి, దారాన్ని జేబులో వేసుకుని తిరుగుతున్నాను. ఇంటికి వద్దులే, వీధి చివర టైర్ల కొట్టు దగ్గరికి వచ్చి కబురు చెయ్యి, నేనే వస్తాను. నువ్వు కాలు తీశావని నీ ముఖం చూసి చెప్పాలి.

వేళకు తిను. తోపుడుబండి మెల్లగా తోయి.

నీ దారి చూస్తూ,
అక్క

తా.క.: కవరు అంటించబోతుంటే అత్తయ్య షెడ్డులోకి వచ్చింది. బండి వైపు చూసి, చప్పుడు ఎందుకు ఆగిందని అడిగింది. బోల్టులు బిగించానన్నాను. ఒక్కటి వదులు చేయమంది. నాకు ఒళ్ళు మండి ఎందుకన్నాను. తాను చెప్పేదాకా వాడు తలుపు కొట్టడం ఆపకూడదంది. ఏం చెప్పేదాకా అని అడిగితే నా జేబు వైపు చూసింది. దారం కొస బయటికి వేలాడుతోంది.

మీ బావ ఆ దారం అడగకుండా తీయలేదట. ఆ పొద్దున ఆమే తెంపి, మైనం రాసి ఇచ్చింది. ఎందుకురా అంటే, ఇంజను బోల్టు నిలవడం లేదు, ఈ ఒక్కసారికి పోయివస్తాం అన్నాడట. ఈ సంగతి నా చెవిన మాత్రం వేయొద్దని ఆమెకు చెప్పాడట. వాకిట్లో నువ్వు బండి దానంతట అదే దూకిందన్నప్పుడు, అంతమందిలో నీ మాట నమ్మింది ఆమె ఒక్కతే. నమ్మింది కాబట్టే అంత గట్టిగా అరిచింది. నిజం చెబితే కొడుకు తన చావు తానే బిగించుకున్నాడంటారని భయం. దారం ఇచ్చిన చేయి తనదని ఇంకా భయం. ఇన్నాళ్ళూ ఆ చప్పుడు విని, నిజం చెప్పమని వాడు తలుపు కొడుతున్నాడనుకుంది. ఇప్పుడు ఆగిపోయేసరికి, ఇక తనను అడగడం కూడా మానేశాడేమోనని వచ్చింది.

బోల్టు వదులు చేయలేదు. షరతు ఆమే మార్చింది. బండి నువ్వే నడపాలట, అదే కొండదారిన, తను పక్క సీట్లో కూర్చుంటుందట. టైర్ల కొట్టు దగ్గర ఆగొద్దని, నేరుగా ఇంటికే రమ్మని రాయమంది.

ఇది రాస్తుండగానే కంకర లారీ వెళ్ళింది. ఇద్దరం చెవులు రిక్కించాం. ఏ చప్పుడూ లేదు. అయినా అత్తయ్య లేచి వెళ్ళి, షెడ్డు వైపు తలుపు తీసి పెట్టింది.