మిగతా ఆరుగురు

అత్తయ్యకు,

నీ మేనల్లుడి నమస్కారాలు. నేను కులాసా.

గణాంకాల ఆఫీసులో కూర్చుని ఏం చేస్తావురా అని నువ్వు అడిగినప్పుడల్లా నీళ్లు నమిలాను. ఇవాళ చెప్పగలను. పొలం పని చేసే ఒక్కో మనిషి సగటున ఏడాదికి ఎంత పండిస్తున్నాడో, అరవై ఏళ్ల లెక్కలు తీసి గోడ మీద ఒక గీత గీశాం. మొదట్లో అది పాకే పసిపిల్లలా ఉంటుంది. వానలు లేని ఏడు బోర్లా పడుతుంది, మళ్లీ లేస్తుంది. తర్వాత గోడ పట్టుకుని నిలబడుతుంది. ఆ తర్వాత ఇక మన చేతికి చిక్కదు! కాగితం చాలక పైన ఇంకోటి అతికించాం. అదీ చాలలేదు. నిన్న చివరి చుక్క పెట్టడానికి బల్ల మీద కుర్చీ వేసుకుని, ఫ్యాను ఆపించి ఎక్కాను. దిగి చూస్తే ఒళ్లు జలదరించింది.

తాతయ్య రోజుల్లో ఏడుగురు కలిసి పండించినంత ఇప్పుడు ఒక్కరే పండిస్తున్నారు. మిగతా ఆరుగురు పొలంలో లేరు. ఎంత ఆశ్చర్యం!

ఉంటాను,
నీ మేనల్లుడు

తా.క.: ఆఫీసంతా ఆ గీత కింద నిలబడి తలెత్తి చూస్తున్నాం. అందరికీ మెడలు పట్టేశాయి.

---

చిరంజీవికి,

అత్తయ్య దీవించి రాయునది.

నీ ఉత్తరం చదివాక ముద్ద దిగలేదు. ఆరుగురు కనబడ్డం లేదని ప్రభుత్వం గోడకెక్కించిందా? పైగా కాగితాలు అతికించి మరీనా? ఒరేయ్, నేను ఎవర్నీ తరమలేదు. యంత్రం వచ్చింది, ఒకరి తర్వాత ఒకరు వెళ్లొస్తామని చెప్పే వెళ్లారు. వెళ్లేటప్పుడు తలా ఇన్ని కొత్త బియ్యం కట్టి ఇచ్చాను కూడాను. ఈ మాట మీ పైవాళ్లకు చెప్పు.

వాళ్లని ఎప్పటిలోగా చూపించాలో రాయి.

ఇట్లు,
ఏ పాపం ఎరగని మీ అత్తయ్య

తా.క.: నువ్వు ఎక్కినప్పుడు కుర్చీ ఎవరన్నా పట్టుకున్నారా?

---

అత్తయ్యకు,

నమస్కారాలు. అయ్యో, నిన్నెవరూ ఏమీ అనలేదు! అది దేశం మొత్తం లెక్క. అందులో నువ్వు లేవు, నీ పొలం లేదు. ఆ ఆరుగురు తప్పిపోయినవాళ్లు కారు. పొలం పని మానేసి వేరే పనుల్లోకి వెళ్లిపోయారు, అంతే. ఎవరు ఎక్కడ ఉన్నారో మా ఆఫీసుకే తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం కూడా లేదు.

దయచేసి ఎవర్నీ వెతకొద్దు.

ఇట్లు,
నీ మేనల్లుడు

తా.క.: కుర్చీ మా డైరెక్టరమ్మే పట్టుకున్నారు. నీ ఉత్తరం చదివి కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వారు.

---

చిరంజీవికి,

అత్తయ్య దీవెనలు.

మనుషులు కనబడకపోతే మీ డైరెక్టరమ్మ నవ్వుతుందా? ఇంక మీవల్ల కాదని తేలిపోయి, నేనే చెప్పులేసుకుని బయల్దేరాను. నాతో ఒకే వరసలో నిలబడి కోత కోసిన ఆరుగుర్నీ పట్టేశాను.

పొడుగాయన బస్సు నడుపుతున్నాడు. నన్ను చూసి నడిరోడ్డు మీద బస్సు ఆపేశాడు. ఈలగాడు పెద్ద పెద్ద భవనాల్లో లిఫ్టులు బాగుచేస్తున్నాడు. సోడాబుడ్డి కళ్లద్దాలాయన లెక్కల మాస్టారు. జంటపిట్టలని పిలిచేవాళ్లమే, ఆ అక్కచెల్లెళ్లకు బట్టలు కుట్టే దుకాణం ఉంది. బక్కపిల్ల పురుళ్ల ఆసుపత్రిలో నర్సు. ఇప్పుడు బక్కగా లేదులే.

కోత రోజున రమ్మన్నాను. అందరూ వచ్చారు! యంత్రం కూడా వచ్చింది. అద్దాల గదిలాంటి దాంట్లో కూర్చుని ఒక పడుచుపిల్ల నడుపుతోంది. ఒక్క మడి మాత్రం వదిలెయ్యమ్మా అన్నాను. పొరుగిళ్లన్నీ గాలించి తలో కొడవలి ఇచ్చాను. మొదట నవ్వుకున్నారు, నడుములు పట్టుకున్నారు. తర్వాత ఏమైందో ఏమో, ఆరు చేతులూ ఒక్కసారే వంగాయి, ఒక్కసారే లేచాయి. ఇన్నేళ్లయినా చేతులు మర్చిపోలేదురా! ఇటు చూస్తే అది. అటు చూస్తే, మేమంతా కలిసి రోజుల తరబడి కోసే పొలాన్ని ఆ ఒక్క పిల్ల భోజనాల వేళకి నున్నగా చేసి పెట్టింది. ఎటు చూడాలో తెలీక గట్టు మీద కూలబడ్డాను.

ఈలగాడు నా పక్కన కూర్చున్నాడు. "పెద్దమ్మా, రోజూ పదేసి అంతస్తులు ఎక్కి దిగుతాను, వేళకి ఇంత తింటాను. తిండి కోసం మళ్లీ ఎప్పుడూ వంగలేదు. అదెలా కుదిరిందో ఇవాళ కళ్లతో చూశాను" అన్నాడు.

బక్కపిల్ల తన అరచేతులు చూసుకుంది. "ఈ చేతుల్లోకి ఎంతమంది బిడ్డలు పుట్టారో! నేను ఇక్కడే కోస్తూ ఉండిపోయుంటే వాళ్లని ఎవరు అందుకునేవాళ్లు?" అంది.

యంత్రం నడిపిన పిల్ల కిందికి దిగొస్తే దాని చేతులు కళ్లకద్దుకున్నాను. అది బిత్తరపోయింది.

ఆరుగురూ క్షేమం. మీ గోడ మీద రాసెయ్యి.

ఇట్లు,
మీ అత్తయ్య

తా.క.: సర్వే చేయాలంటూ అదే రోజు మీ ఆఫీసు కుర్రాడొకడు బూట్లేసుకుని ఊడిపడ్డాడు. ఖాళీగా నిలబడ్డాడని వాడికీ ఒక కొడవలి ఇచ్చాను. చెయ్యి మంచిది.

---

అత్తయ్యకు,

నమస్కారాలు. ఒక విషయం రాయాలి. నువ్వు ముందు కూర్చో.

మీ ప్రాంతం గీత పడిపోయింది.

దేశం గీత పక్కనే ఒక్కో ప్రాంతానికీ ఒక చిన్న గీత ఉంటుంది. కొన్నేళ్లుగా వెనక్కి చూడని మీ గీత ఈసారి దభీమని కిందకొచ్చింది. ఆఫీసులో గగ్గోలు! వరదా, పురుగా, యంత్రాలు చెడ్డాయా అని తలలు పట్టుకున్నాం. మీటింగు పెట్టాం. తీరా చూస్తే సర్వేకి తీసుకున్న కొద్దిపాటి పొలాల్లో నీదొకటి. మా కుర్రాడు మహా నిజాయితీపరుడు. పొలంలో పనిచేసినవాళ్ల కింద యంత్రం నడిపిన అమ్మాయిని, నిన్ను, ఆరుగుర్నీ రాశాడు. కాసేపు ఆలోచించి తనను కూడా కలిపాడు. ఒక్కరు తీసిన పంటను తొమ్మిదిమందికి పంచితే గీత పడక ఏమవుతుంది?

నేను నీ ఉత్తరం డైరెక్టరమ్మకు ఇచ్చాను. ఈసారి ఆవిడ నవ్వలేదు. చదివి, కుర్చీ తెప్పించుకుని ఎక్కి, పడిపోయిన ఆ చుక్కను వేలితో తాకారు. "చెరిపేయమంటారా?" అని అడిగాను.

"వాళ్లు నిజంగానే వంగి కోశారు కదయ్యా. ఉండనీ" అన్నారు. తర్వాత పైకి, చాలా పైకి పోయిన దేశం గీతను చూస్తూ అన్నారు: "మా అమ్మ, నేను, మా చెల్లి ఒక పొలంలో కోసేవాళ్లం. యంత్రం వచ్చి ఆ పొలంవాళ్లకు మేం అక్కర్లేకపోయిన ఏడాదే నన్ను బళ్లో వేశారు."

టైపిస్టు "మాది చెరకు" అన్నాడు. బంట్రోతు "మాది పత్తి" అన్నాడు. అందరం మళ్లీ తలెత్తి చూశాం.

వచ్చే కోతకు ఒక మడి మాకోసం వదులుతావా? ఆఫీసంతా వస్తాం. సర్వే మాత్రం మేం తిరిగొచ్చాక చేయిస్తాం.

ఇట్లు,
నీ మేనల్లుడు

తా.క.: దిగుబడి పడిపోవడానికి కారణం రాసే చోట వరద, కరువు, పురుగు, ఇతరం అని నాలుగే గడులున్నాయి. నిన్ను ‘ఇతరం’లో వేద్దామనుకున్నాను. "ఆవిడని ఆపడం ఎవరి తరమయ్యా?" అని డైరెక్టరమ్మ ‘వరద’లో వేయించారు.