కుందేటి పసుపుకు పేరు

ప్రొద్దుటూరు,
19 జూన్ 2025, గురువారం.

కోడలు రిహానాకు నీ అత్త ఖమర్‌బీ సలాము, వెయ్యి దువాలు.

ఇక్కడ నేనూ, వసీమూ, నా కుట్టు మిషనూ ముగ్గురం బాగానే ఉన్నాం. కలకత్తాలో నీకు నోటికి నచ్చిన తిండి దొరుకుతోందో లేదో రాయి. బక్రీదు నాడు నీ వంతు పలావు కూడా నీ మొగుడు వసీమే తినేశాడు, కాస్తయినా మొహమాటపడలేదు.

రోజూ ఫోనులో మాట్లాడుకుంటూ మళ్ళీ ఈ ఉత్తరమేమిటని నవ్వుతావు. ఫోనులో నువ్వు మధ్యలో అందుకుంటావు, నాకు కోపమొస్తుంది, చెప్పాల్సింది అక్కడే ఆగిపోతుంది. కాగితమైతే అడ్డు రాదు. ఉర్దూ మాట్లాడతాను గానీ రాయడం రాదు. జమ్మలమడుగు బడిలో పదో తరగతి దాకా నేర్చిన తెలుగే ఇది. తప్పులుంటే దిద్దుకో, లెక్చరరువి కదా.

ముందు మంచి కబురు. ఈ ఉత్తరంతో పాటు వసీం కలకత్తా తెచ్చి నీకిచ్చే సంచిలో చిన్న సీసా ఉంది. అందులో నీ కుందేటి పసుపు పూలు ఉన్నాయి. కాస్త కూర్చో, మొదటినుంచీ చెబుతాను.

ఈసారి వానలు ముందే పడ్డాయని నేను చెప్పిన రోజు ఫోనులో నువ్వు "ఈ ఏడూ పోయినట్టే అమ్మీ" అన్నావు. ఆ మొక్క ఏడాదికి పది పన్నెండు రోజులే పూస్తుందనీ, పొద్దున విచ్చిన పువ్వు మధ్యాహ్నానికి వడిలిపోతుందనీ నువ్వు చెప్పిందే. పువ్వును స్పిరిటులో భద్రంగా తెచ్చి, విప్పి, లోపలి భాగాలు చూపిస్తే తప్ప అది అల్లం, పసుపుల వంశంలో కొత్త జాతి అని ఎవరూ ఒప్పుకోరట. ఫోటోలు చాలవట. కర్నూలు వైపు ఎవరో ఇలాంటి మొక్కనే చూశారనీ, ముందు అచ్చు వేసినవాళ్ళదే లెక్క అనీ కూడా అన్నావు. అక్కడ పాత ఎండుమొక్కలతో పోల్చే పని సగంలో వదిలి నువ్వు రాలేవు. నిరుడు దొరికిన ఒక్క పువ్వూ సీసాలోనే కుళ్ళిపోయింది. స్పిరిటులో నీళ్ళ పాళ్ళు తప్పానని నిన్ను నువ్వే తిట్టుకుని మూడు రోజులు అన్నం సరిగా ముట్టలేదు. నాలుగేళ్ళుగా వారమంతా పులివెందుల కాలేజీలో పాఠాలు చెప్పి, ఆదివారాలు గండి కొండల్లో తిరిగి చీరుకుపోయిన చేతులతో ఇంటికొచ్చిన పిల్లవి.

నేను పోయి తెస్తానంటే వసీం "నీకేమన్నా పిచ్చా?" అన్నాడు. అప్పుడు వాడికి మోటారు వైండింగు అంగడి వదిలి వచ్చే తీరిక లేదట, నీ దగ్గరికైతే ఇప్పుడు దొరికింది. సరే పోరా అని, నీ బీరువాలోంచి అటవీ శాఖ అనుమతి కాగితం, నువ్వు కలిపిపెట్టిన స్పిరిటు, ఖాళీ సీసా తీసుకున్నాను. నా టేపూ, రవికెల కొలతల పుస్తకమూ సంచిలో వేసుకుని వేంపల్లె బస్సెక్కాను.

నీకు ఆ మొక్కను మొదట చూపిన మేకల లక్ష్మీదేవమ్మ ఇంటికే పోయాను. కుందేళ్ళు దుంపలు తవ్వుకు తింటాయని దానికి ఆ పేరు చెప్పింది ఆమే కదా. నన్ను చూసి నడుం మీద చేయి పెట్టుకుంది.

"ఏందమ్మా, కోడలికి తోడు అత్త గూడా మొదులుపెట్టినావా? ఈ మోకాళ్ళతో కొండెక్కుతావా?" అంది.

ఎక్కాను. మూడుచోట్ల కూర్చుని, అల్లాను తలుచుకుని, నిన్ను తిట్టుకుని ఎక్కాను. చేరేసరికి పన్నెండు దాటింది. పువ్వులన్నీ ముద్దయిపోయి ఉన్నాయి. రాయి మీద కూలబడి చిన్నపిల్లలా ఏడ్చాను. లక్ష్మీదేవమ్మ కాసేపు ఏడవనిచ్చి, తర్వాత కసురుకుంది.

"ఏడిస్తే పూస్తాదా? ఈ పొద్దు మా ఇంట్లోనే పండుకో. రేపు మేకల కంటే ముందు మనం పోదాం."

జొన్నరొట్టె, చెనిక్కాయల చట్నీ పెట్టింది. నమాజుకని గది ఊడ్చి, ఉతికిన చీర పరిచింది. మర్నాడు ఏడున్నరకల్లా వాలు మీద ఉన్నాం. పువ్వు అప్పుడే విచ్చుతోంది. ఇన్నాళ్ళూ నువ్వు దీని కోసం ఎందుకు తిరిగావో అప్పుడు తెలిసింది నాకు.

రాసుకో. ఆకు పొడవు పదహారు అంగుళాలు, వెడల్పు నాలుగుంబావు. ఆకు వెనుక వెల్వెట్టు గుడ్డలా నూగు. దుంప కోస్తే అంచు తెలుపు, నడుమ లేత నీలం. వాసన మామిడల్లానికి దగ్గర, కొంచెం కర్పూరం. పూల కంకి నేలలోంచే లేస్తుంది, చుట్టూ పచ్చటి దొప్పలు, ఒక్కో దొప్పలో రెండేసి పూలు. పువ్వుకు పెదవిలా ఉండే పసుపు రంగు రేక మీద రెండు ఎర్ర గీతలు. పుప్పొడి తిత్తి కింద ముళ్ళుంటాయా అని పోయినేడు తెగ మథనపడ్డావు కదా, సూదిలో దారం ఎక్కించే కళ్ళజోడు పెట్టుకుని చూశాను. రెండున్నాయి. కిందికి కాదు, పక్కలకు తిరిగి ఉన్నాయి. మూడు పూలే కోశాను. మిగతావి కొండకే వదిలాను.

ఇక పేరు సంగతి. దీనికి నా పేరు పెడతానని కాలేజీలో అందరికీ చెప్పావట. మా అత్త కాబట్టి నన్ను కొండల్లో తిరగనిచ్చింది, ఇంకెవరూ తిరగనివ్వరు అన్నావట. వద్దు బిడ్డా. ఎవరి పేరు వారు పెట్టుకోకూడదనేది మొక్కలకు పేర్లు పెట్టే మీవాళ్ళలో ఆచారమంటివి. అత్త పేరు పెట్టడమూ ఇంచుమించు అంతే. లక్ష్మీదేవమ్మ పేరు పెట్టు, లేదా గండి పేరు పెట్టు. నా పేరు రేషను కార్డులో ఉంది, చాలు. ఈ ఒక్క మాటకు ఎదురు చెప్పకు.

వేళకు తిను. కళ్ళు పాడు చేసుకోకు. నీ పనిలో అల్లా బర్కత్ ఇవ్వాలని కోరుకునే

నీ అత్త,
ఖమర్‌బీ.

తా.క. ఇది మరిచిపోయి కింద రాస్తున్నది కాదు, పైన రాయడానికి చెయ్యి రాలేదు. నిరుడు పాళ్ళు నువ్వు సరిగ్గానే కలిపావు. నువ్వు కాలేజీకి పోయాక బీరువా సర్దుతూ, అదేమిటో తెలియక ఆ ముదురు రంగు సీసా మూత తీశాను. గుప్పుమని సారా వాసన. మీ మామ జమాల్ ఆ వాసనతోనే రోజూ ఇంటికొచ్చాడు, ఆ వాసనతోనే పోయాడు. ఇప్పుడు వసీం కూడా మొదలుపెట్టాడనుకున్నాను. అక్కడికక్కడే తూములో ఒంపేశాను. ఒంపాక అడుగున పువ్వు కనిపించింది, అప్పుడు తెలిసింది అది నీదని. పాపం పువ్వు పాడవకూడదని, ఇంట్లో అన్నిటికన్నా మంచి నీళ్ళు పోశాను. పక్కింటి రహమత్‌బీ హజ్ నుంచి తెచ్చిన జంజం నీళ్ళు. ఆ నీళ్ళు చెడవు, పువ్వే చెడింది.

నువ్వు "నాదే తప్పు అమ్మీ" అని ఏడుస్తుంటే తల నిమిరాను గానీ నోరు విప్పలేదు. ఏడాది గడిచిపోయింది. నన్ను క్షమించు. ఇప్పుడు ఎవరి పేరు పెడతావో నీ ఇష్టం. ఈ సీసాలో మాత్రం నీ స్పిరిటే ఉంది. ముక్కు మూసుకోకుండా నా చేత్తోనే పోశాను. భయపడకుండా మూత తియ్యి.