చప్పట్లు కొట్టిన చేతులు

చెల్లెలు సోములమ్మకు అక్క రాస్తున్నది.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? మరిదిగారి దగ్గు ఎలా ఉంది? మీ ఊరికి ఇల్లరికం వచ్చిన నా మనవడు ఫల్గుణ వేళకు తింటున్నాడా? వాడి పెళ్లానికి ఇప్పుడు ఎన్నో నెల? ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మా ఊరి వాలీబాల్ జట్టే బాగులేదు.

ఆటలు మొదలైన వారం గెలిచాం. తరువాత రెండు వారాలూ ఓడాం. పోయిన ఆదివారం మీ ఊరి చేతిలో ఓడినప్పుడు నా కడుపు మండిపోయింది. మీ జట్టులో ఆడే ఫల్గుణ ఆట నేర్చింది మా కళ్లంలో, పేరు మీ ఊరికి. ఆ సంబంధం కుదిర్చిందీ నువ్వే, రోజూ వాడి ఆట చూసేదీ నువ్వే.

నీకు తప్ప ఎవరికీ చెప్పను. వాడు ఎగిరి బంతిని మావాళ్ల మధ్యన కొట్టగానే నా చేతులు చప్పట్లు కొట్టేశాయి. "ఏటి మామ్మా, నువ్వు మన ఊరిదానివా, ఆళ్ల ఊరిదానివా?" అని మా జట్టు పెద్ద సోంబరు అందరిలో అడిగాడు.

ఆ ఆట పందెంలో మీవాళ్లు గెలిచిన మేకపోతు కూర సంతకొచ్చినవాళ్లతో పంపావు. ముట్టకూడదనుకున్నాను, తినేశాను. బాగుంది, అందుకు ఇంకా కోపం.

ఇంకొకటి ఓడితే మావాళ్ల ఆట అయిపోయినట్టే. వచ్చే ఆట కూడా మీతోనే, మీ ఊళ్లోనే. ఆ రోజుకు ఫల్గుణను ఆపమని రాద్దామనుకున్నాను. వద్దులే, ఆడనీ.

నీ ఇంట్లోనే పడుకుంటాను గానీ ఆటప్పుడు నీ పక్కన కూర్చోను. మావాళ్ల వైపున, చేతులు రెండూ దుప్పట్లో ముడేసుకుని కూర్చుంటాను. ఆట ఫిబ్రవరి తొమ్మిది, ఆదివారం. నేను ఎనిమిది సాయంత్రం బస్సుకే దిగుతాను.