ఒక్క మేకూ ఊడలేదు

బీమా ఆఫీసరు గారికి,

గాలివానకు లేచిపోయిన మా ఇంటి కప్పుకు పరిహారం అడిగితే, "పనితనం లోపం" అని రాసి తిప్పి పంపారు. ఆ కప్పు వేసింది మా ఆయనే. ముప్పై ఏళ్లు ఊరందరికీ కప్పులు వేసిన మేస్త్రి, ఇప్పుడు మంచం పట్టారు. చూపు ఆనదని మీ ఉత్తరం నేనే చదివి వినిపించాను. నా నోరు పడిపోయినా బాగుండేది. అప్పటినుంచి గోడవైపు తిరిగి పడుకున్నారు, ముద్ద ముట్టడం లేదు.

కొత్త కప్పుకు మాట్లాడిన వేరే మేస్త్రి పైకెక్కి చూసి, "దూలాలే విరిగాయమ్మా, ఒక్క మేకూ ఊడలేదు" అన్నాడు. చెబితే ఆయన నమ్మలేదు. మీ ముద్ర ఉన్న కాగితమే నమ్ముతారట.

డబ్బు ఇవ్వకపోయినా సరే. ఆ ఒక్క మాట కొట్టేసి మళ్లీ ఉత్తరం రాయండి. ఆయనకు వినబడుతుండగానే చదివి వినిపించాలి.

ఇట్లు,
మేస్త్రి భార్య